గ్రూపుకి మెయిల్ రాయాలంటే భయం వేస్తోంది

ప్రశ్న: నమస్కారం. ఆకాశ పరిశీలన మీద ఆసక్తి ఉన్నవాళ్ల ఈమెయిల్ గ్రూపులో ఈమధ్యే చేరాను. వెబ్‌సైట్లలో లాగిన్ అయి రాయడం కన్నా నాకు మెయిల్ రాయడమే తేలిక. నా టెలిస్కోప్ గురించి గ్రూపుకి ఒక ప్రశ్న పంపాను. అది నా ఇన్‌బాక్స్‌లోకి రాలేదు. వెళ్లలేదేమోనని మళ్లీ పంపాను. అయినా రాలేదు. చివరికి నాకున్న ఇంకో మెయిల్ ఐడీ నుంచి పంపాను. 'ఒకే ప్రశ్న ఎన్నిసార్లు పంపుతారు?' అని ఒక సభ్యుడు అందరి ముందూ విసుక్కున్నారు. పోయిన వారం అంతకన్నా ఘోరం జరిగింది. నాకు సాయం చేస్తున్న ఒకావిడకి జవాబు రాస్తూ, ఆ సభ్యుడి గురించి 'ఆయనకి ఎదుటివాళ్లని చిన్నబుచ్చడమే పని' అన్నాను. ఆవిడకే రాశాననుకున్నాను, అది గ్రూపు మొత్తానికీ వెళ్లింది. అప్పటి నుంచి మెయిల్ తెరవాలంటేనే టెన్షన్‌గా ఉంది. గ్రూపు వదిలేయనా? ఉంటే, మెయిల్ మానేసి వెబ్‌సైట్‌లోనే రాయనా? అసలు గ్రూపుకి మెయిల్ ఎలా రాయాలి?
— పేరు వేయవద్దన్న ఒక పాఠకురాలు

జవాబు: నమస్కారమండీ. గ్రూపు వదలకండి. మెయిల్ రాయడమూ మానకండి. మీ ప్రశ్న పదేపదే వెళ్లడానికి కారణం మీ అజాగ్రత్త కాదు, మెయిల్ పనిచేసే తీరు మీకు ఎవరూ చెప్పకపోవడం. ఆ సభ్యుడి గురించి రాసిన మాట సంగతి వేరు. దాన్ని మీరు సరిచేసుకోవాలి, చేసుకోగలరు కూడా. మీ మనసుని తొలిచేస్తున్నది అదే కాబట్టి ముందు దాని సంగతి చూద్దాం.

ఈ రోజే రెండు మెయిల్స్ పంపండి. ఒకటి ఆయన సొంత అడ్రసుకి, ఒకటి గ్రూపుకి. ఇది నా సొంత సలహా కూడా కాదు. ఇంటర్నెట్ సాంకేతిక ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ 1995 అక్టోబరులో నెట్‌లో పాటించాల్సిన మర్యాదల మీద ఆర్‌ఎఫ్‌సీ 1855 అనే పత్రం వెలువరించింది. వ్యక్తిగతంగా రాసింది పొరపాటున గ్రూపుకి వెళ్తే ఆ వ్యక్తికీ గ్రూపుకీ క్షమాపణ పంపమని అందులో స్పష్టంగా ఉంది. రిప్లై నొక్కితే జవాబు గ్రూపుకి వెళ్లిపోయి అందరూ ఇబ్బంది పడే ప్రమాదం ఉందని, అడ్రసు స్వయంగా టైప్ చేసుకోవడమే మంచిదని కూడా అందులో హెచ్చరించారు. ఫోన్లలో మెయిల్ చూసుకునే రోజులు రాకముందే ఈ పొరపాటు నియమాల్లోకి ఎక్కిందంటే, ఎంతమందికి జరిగి ఉంటుందో ఆలోచించండి. మీ గ్రూపులో పాతవాళ్లలోనూ ఇది జరగని వాళ్లు తక్కువే ఉంటారు.

ఆయనకి రాసే మెయిల్‌లో ఒక సంగతి చూసుకోండి. 'పొరపాటున గ్రూపుకి వెళ్లింది, క్షమించండి' అని రాస్తే, మాట అన్నందుకు కాదు, బయటపడినందుకు బాధపడుతున్నట్టు ఉంటుంది. 'మీ గురించి అలా రాసి ఉండకూడదు. అది ఎవరికి రాసినా తప్పే. క్షమించండి' అనండి. అంతటితో ఆపండి. మీరు నన్ను విసుక్కున్నారు కాబట్టి అనే వివరణ దానికి జోడించకండి. విసుక్కోవడం ఆయన తప్పే, నేను కాదనను. కొత్తగా చేరిన మనిషికి రెండు మాటలు విడిగా చెప్పాల్సింది పోయి అందరి ముందూ అనడం పద్ధతి కాదు. కానీ ఆ లెక్క ఈ మెయిల్‌లో తేల్చుకునేది కాదు.

గ్రూపుకి రాసేది ఇంకా చిన్నదిగా ఉండాలి. 'నిన్నటి నా మెయిల్ ఒకరికి రాసింది, గ్రూపుకి రాకూడనిది. అందులో ఒక సభ్యుడి గురించి అన్న మాటకి ఆయనకి విడిగా క్షమాపణ చెప్పాను. మీ అందరూ చదవాల్సి వచ్చినందుకు మన్నించండి.' తేదీ మార్చుకుని ఇలాగే రాస్తే చాలు. ఆయన పేరు, అన్న మాట మళ్లీ రాయకండి. పాత మెయిల్‌కి రిప్లైగా కాకుండా కొత్త మెయిల్‌గా పంపండి, లేకపోతే కిందనే ఆ మాట అతుక్కుని మరోసారి అందరికీ వెళ్తుంది. తర్వాత ఎవరైనా దాని మీద ఏమైనా అంటే జవాబివ్వకండి. రెండు రోజుల్లో గ్రూపు మళ్లీ గ్రహాల సంగతుల్లో పడిపోతుంది.

ఇక మూడో పని, గ్రూపుని నడిపే మోడరేటర్‌కి ఒక మెయిల్. చాలా గ్రూపులకి పాత మెయిల్స్ అన్నీ దాచి ఉంచే ఆర్కైవ్ ఉంటుంది. అక్కడి నుంచి మీ మెయిల్ తీసేయగలరేమో మర్యాదగా అడగండి. ఏ తేదీన, ఏ సబ్జెక్ట్‌తో వెళ్లిందో రాస్తే వెతుక్కునే పని తప్పుతుంది. సభ్యుల ఇన్‌బాక్సుల్లోకి ఇప్పటికే చేరిన కాపీల్ని మాత్రం ఎవరూ వెనక్కి తేలేరు. జీమెయిల్‌లో 'అన్‌డూ సెండ్' అని ఉంది కదా అంటారేమో. అది వెళ్లిన మెయిల్‌ని వెనక్కి లాగదు, పంపడాన్నే కాసేపు ఆపి ఉంచుతుంది. ఆ కాసేపు 5, 10, 20, 30 సెకన్లలో ఏదైనా కావచ్చు. కంప్యూటర్‌లో జీమెయిల్ సెట్టింగ్స్ తెరిచి 30కి మార్చుకోండి. పంపాక అడ్రసు మీదికి చూపు పోయి గుండె ఝల్లుమనేది సరిగ్గా ఆ అర నిమిషంలోనే.

ఇప్పుడు అసలు అది గ్రూపుకి ఎందుకు వెళ్లిందో చెబుతాను. ఇది తెలిస్తే భయం చాలావరకు పోతుంది. ప్రతి మెయిల్‌లోనూ 'ఫ్రమ్' కాక 'రిప్లై టు' అని ఇంకో గడి ఉండొచ్చు. అది మామూలుగా మనకి కనిపించదు. రిప్లై నొక్కగానే మెయిల్ యాప్ ముందు ఆ గడిలో ఏముందో చూస్తుంది. కొన్ని గ్రూపులు చర్చ అందరి ముందూ సాగాలని అక్కడ గ్రూపు అడ్రసే పెడతాయి. కొన్ని పెట్టవు, అక్కడ రిప్లై నొక్కితే రాసినవాళ్లకి మాత్రమే వెళ్తుంది. రెండు రకాల గ్రూపుల్లోనూ ఉన్నవాళ్లు సహజంగానే తికమక పడతారు.

దీనికి తోడు 2014 నుంచి ఇంకో చిక్కు వచ్చింది. ఒకరి పేరుతో ఇంకొకరు మెయిల్స్ పంపకుండా అడ్డుకోవడానికి డీమార్క్ అనే ఏర్పాటు ఉంది. 2014 ఏప్రిల్‌లో యాహూ తన అడ్రసులకి దాన్ని కఠినంగా అమలు చేసింది. యాహూ అడ్రసు పెట్టుకుని వేరే సర్వర్ నుంచి వచ్చే మెయిల్‌ని తిప్పికొట్టమంది. సభ్యులు రాసింది తీసుకుని తన సర్వర్ నుంచి అందరికీ పంపడమే గ్రూపు చేసే పని. దాంతో నిజమైన మెయిల్స్ కూడా తిరిగి రావడం మొదలైంది. ఆ చిక్కు దాటడానికి గ్రూపు సాఫ్ట్‌వేర్లు ఒక దారి పట్టాయి. ఫ్రమ్ గడిలో మనిషి పేరు ఉంచి, పక్కన 'ఫలానా గ్రూపు ద్వారా' అని చేర్చి, అడ్రసు మాత్రం గ్రూపుది పెడతాయి. కాబట్టి మీకు తెరమీద ఆవిడ పేరే కనిపించి ఉండొచ్చు, ఆ పేరు వెనక ఉన్నది గ్రూపు అడ్రసు. ఫోన్‌లో అయితే పేరు మీద వేలు పెట్టి విప్పి చూస్తే తప్ప అడ్రసు కనిపించదు.

అందుకని ఒకరికి మాత్రమే రాయాల్సినప్పుడు రిప్లై వాడనే వాడకండి. కొత్త మెయిల్ తెరిచి, వాళ్ల అడ్రసు కాంటాక్ట్స్ నుంచి తీసుకోండి. గ్రూపు అడ్రసుని కూడా కాంటాక్ట్స్‌లో దాచుకుని, దానికి 'గ్రూపు అందరికీ' అని పేరు పెట్టుకోండి. టు గడిలో ఆ రెండు మాటలు కనబడితే చెయ్యి దానంతట అదే ఆగుతుంది. మూడో మనిషి గురించి ఏదైనా రాయబోతున్నప్పుడు టు గడిని చివర్లో నింపండి. ముందు విషయం రాసి, చదువుకుని, ఆ తర్వాతే అడ్రసు పెట్టండి. అడ్రసు లేని మెయిల్ ఎంత తొందరపడ్డా ఎక్కడికీ పోదు.

మీ ప్రశ్న ఇన్‌బాక్స్‌లోకి ఎందుకు రాలేదంటే, మీరు వాడేది జీమెయిల్ అయి ఉండాలి. మనం గ్రూపుకి పంపిన మెయిల్ గ్రూపు నుంచి మనకీ తిరిగి వస్తుంది. కానీ ప్రతి మెయిల్‌కీ మెసేజ్ ఐడీ అనే గుర్తు ఒకటి ఉంటుంది. తిరిగి వచ్చిన కాపీ మీదా అదే గుర్తు ఉండటంతో, ఇది ఈవిడ దగ్గర ఇప్పటికే ఉందిలే అని జీమెయిల్ దాన్ని ఇన్‌బాక్స్‌లో చూపించదు. మీ సెంట్ ఫోల్డర్‌లో ఉన్నదే మీ కాపీ. ఎవరైనా జవాబు ఇచ్చినప్పుడు మొత్తం సంభాషణ ఇన్‌బాక్స్‌లోకి వస్తుంది. అంటే మీ మొదటి మెయిల్ మొదటిసారే అందరికీ చేరి ఉంటుంది. నిజంగా చేరిందో లేదో తెలుసుకోవాలంటే గ్రూపు ఆర్కైవ్ పేజీ చూడండి. మెయిల్‌మ్యాన్ అనే సాఫ్ట్‌వేర్ మీద నడిచే గ్రూపుల్లో అయితే, మీరు పంపిన ప్రతిసారీ 'అందింది' అని ఒక చిన్న మెయిల్ వచ్చేలా సభ్యుల సెట్టింగ్స్‌లో పెట్టుకోవచ్చు. మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది, ఆన్ చేసుకోవాలి.

ఇంకో ఐడీ నుంచి పంపిన మెయిల్ ఏమై ఉంటుందో కూడా ఊహించగలను. గ్రూపుకి మిమ్మల్ని గుర్తుపట్టే ఆధారం మీరు చేరినప్పుడు ఇచ్చిన అడ్రసు ఒక్కటే. ఇంకో అడ్రసు నుంచి రాస్తే మీరు బయటి మనిషి. కొన్ని గ్రూపులు అలాంటి మెయిల్‌ని తిప్పి పంపుతాయి, చాలా గ్రూపులు మోడరేటర్ చూసేదాకా ఆపి ఉంచుతాయి. మోడరేటర్ తీరిక చూసుకుని, మంచి ఉద్దేశంతోనే దాన్ని వదిలి ఉంటారు. అందుకే రెండు రోజుల తర్వాత అదే ప్రశ్న మళ్లీ ప్రత్యక్షమై ఉంటుంది. అడ్రసులో ఒక్క చుక్క తేడా ఉన్నా ఇదే జరగొచ్చు. జీమెయిల్ తన అడ్రసుల్లో పేరు మధ్య వచ్చే చుక్కల్ని పట్టించుకోదు, చుక్కతో రాసినా లేకుండా రాసినా మీకే చేరుతుంది. గ్రూపు సాఫ్ట్‌వేర్‌కి మాత్రం ఆ రెండూ వేరువేరు మనుషులు. రెండు ఐడీల నుంచీ రాయక తప్పదనుకుంటే రెండోదాన్ని కూడా సభ్యత్వంలో చేర్పించి, దానికి 'మెయిల్స్ వద్దు' అని పెట్టుకోండి. అప్పుడు రాయడానికి రెండూ పనికొస్తాయి, చదవడానికి ఒక్కదానికే వస్తాయి.

మెయిల్ ఆగిపోవడానికి ఇంకా కారణాలుంటాయి. కొత్త సభ్యులు రాసే మొదటి ఒకటి రెండు మెయిల్స్‌ని మోడరేటర్ చూసి వదిలే ఆనవాయితీ చాలా చోట్ల ఉంది, స్పామ్ రాకుండా. గ్రూపు అడ్రసుని బీసీసీలో, అంటే మిగతావాళ్లకి కనబడని అడ్రసుల గడిలో, పెట్టి పంపితే మెయిల్‌మ్యాన్ దాన్ని అనుమానంగా చూసి ఆపేస్తుంది. గ్రూపుతో పాటు ఇంకో పది మందికి ఒకే మెయిల్ పంపినా అంతే. ఏదైనా కానీ, పంపాక ఒక రోజు ఆగండి. అప్పటికీ ఆర్కైవ్‌లో కనబడకపోతే మళ్లీ పంపకుండా మోడరేటర్‌ని అడగండి. మెయిల్‌మ్యాన్ గ్రూపులకి గ్రూపు పేరు పక్కన ఒక చిన్న గీత పెట్టి ఇంగ్లీషులో 'ఓనర్' అని రాస్తే, అది నిర్వాహకులకి చేరే అడ్రసు.

తెలుగు లాంటి లిపుల్లో రాసేవాళ్లకి ఎదురయ్యే చిక్కు ఒకటుంది. దీని గురించి ఎవరూ పెద్దగా చెప్పరు. మెయిల్‌మ్యాన్ పాత వెర్షన్లలో ఒక మెయిల్ 40 కేబీ, అంటే సుమారు 40 వేల బైట్లు, దాటితే మోడరేటర్ దగ్గర ఆగేలా ముందే పెట్టి ఉంటుంది. ఇంగ్లీషులో రాసేవాళ్లకి అది చాలా పెద్ద హద్దు. మనకి కాదు. యూనికోడ్ తెలుగులో ప్రతి అక్షరం, గుణింతపు గుర్తు, పొల్లు, సున్న విడివిడిగా లెక్కకి వస్తాయి, ఒక్కోదానికి 3 బైట్లు. 'నమస్కారం' అంటే అలాంటివి 8, మొత్తం 24 బైట్లు. మెయిల్‌లో ప్రయాణించడానికి దాన్ని మళ్లీ ఇంకో రూపంలోకి మారుస్తారు, అప్పుడు మూడు బైట్లు నాలుగవుతాయి. పైగా జీమెయిల్ లాంటివి అదే విషయాన్ని రెండు రకాలుగా పంపుతాయి, ఒకటి సాదా టెక్స్ట్, రెండోది రంగులూ బొద్దక్షరాలూ ఉండే హెచ్‌టీఎంఎల్. అంటే మళ్లీ రెట్టింపు. కింద పాత మెయిల్స్ నాలుగైదు అలాగే వేలాడుతుంటే, మీరు రాసింది రెండు వాక్యాలే అయినా 40 కేబీ దాటడం ఎంతసేపు? మీ జవాబు ఎప్పుడైనా కారణం తెలియకుండా ఆగిపోతే ముందు ఇదే చూడండి.

విరుగుడు తేలికే. కంప్యూటర్‌లో జీమెయిల్ కంపోజ్ చేసేటప్పుడు కింద ఉండే మూడు చుక్కల మెనూలో 'ప్లెయిన్ టెక్స్ట్ మోడ్' ఎంచుకోండి. కొన్ని గ్రూపుల్లో ఇది తప్పనిసరి కూడా. లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి కెర్నెల్ తయారీ ఇవాళ్టికీ మెయిల్ గ్రూపుల మీదే నడుస్తోంది, అక్కడికి హెచ్‌టీఎంఎల్ మెయిల్ పంపితే సర్వరే తిప్పికొడుతుంది. మీ గ్రూపులో అంత పట్టింపు ఉండదనుకుంటాను. అయినా సాదాగా రాస్తే అందరి తెరమీదా ఒకేలా కనిపిస్తుంది. తెలుగు లిపిలో రాయడానికి మాత్రం వెనకాడకండి. ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు రాస్తే తర్వాత ఎవరైనా ఆ విషయం కోసం వెతికినప్పుడు దొరకదు, ఎందుకంటే ఒకే మాటని పది మంది పది రకాలుగా రాస్తారు.

పాత మెయిల్స్ తోకని కత్తిరించడం ఇంతకన్నా ముఖ్యం. ఫోన్‌లో రిప్లై నొక్కితే కింద మూడు చుక్కల వెనక పాత సంభాషణంతా దాక్కుని ఉంటుంది. మీకు కనిపించదు, వెళ్లడం మాత్రం వెళ్తుంది. దాన్ని విప్పి, మీరు దేనికి జవాబిస్తున్నారో ఆ ఒకటి రెండు వాక్యాలు ఉంచి మిగతాది తీసేయండి. జవాబు వాటి కింద రాయండి. కొన్ని గ్రూపుల్లో పైన రాసినా అభ్యంతరం ఉండదు, మీ గ్రూపులో పాతవాళ్లు ఎలా రాస్తున్నారో చూసి అలాగే రాయండి. కానీ ఏమీ ఉంచకుండా 'అవునండీ, నాకూ అలాగే అయింది' అని మాత్రం రాయకండి. మీరు రాసిన రోజున అందరికీ అర్థమవుతుంది. ఆరు నెలల తర్వాత అదే ఇబ్బందితో ఆర్కైవ్‌లోకి వచ్చిన మనిషికి ఏమైందో, ఎలా అయిందో ఒక్క ముక్కా దొరకదు. గ్రూపుకి రాసే మెయిల్ ఎప్పుడూ ఆ మనిషి కోసం కూడా రాస్తున్నట్టు రాయాలని నా గట్టి నమ్మకం. స్నేహితులకి రాసే మెయిల్‌కీ దీనికీ తేడా అక్కడే ఉంది. ఇది మీకు తెలిసినవాళ్లు చదివి మర్చిపోయేది కాదు, తెలియనివాళ్లు వెతుక్కుంటూ వచ్చి చదివేది.

సబ్జెక్ట్ లైన్‌కీ ఇదే వర్తిస్తుంది. 'సహాయం కావాలి', 'ఒక సందేహం', 'నమస్కారం' అని పెడితే సమాధానం తెలిసిన మనిషి కూడా తెరవకుండా దాటిపోవచ్చు. మీ ప్రశ్న ఏమిటో మీరు నాకు రాయలేదు కాబట్టి ఒక ఉదాహరణ అనుకుందాం. '6 అంగుళాల న్యూటోనియన్: నక్షత్రం చుక్కలా కాక తోకతో కనిపిస్తోంది' అని పెట్టారనుకోండి. న్యూటోనియన్ అద్దాలతో పనిచేసే టెలిస్కోప్ కాబట్టి, అద్దాల అమరిక తప్పి ఉంటుందని సగం మందికి సబ్జెక్ట్ చూడగానే తడుతుంది. లోపల ఏ ఐపీస్‌తో (కన్ను పెట్టి చూసే కటకంతో) చూశారు, నక్షత్రం మధ్యలో ఉన్నప్పుడు కూడా తోక ఉందా, అంచుకి జరిగితేనేనా, బయట చలిలో టెలిస్కోప్‌ని ఎంతసేపు ఉంచాక చూశారు, ఇప్పటికే ఏం ప్రయత్నించారు, ఇవన్నీ రాయండి. అలా రాస్తే 'ముందు ఇది చెప్పండి' అనే ఎదురు ప్రశ్నలు తగ్గుతాయి, మొదటి జవాబే పనికొచ్చే జవాబు అవుతుంది. ఒక మెయిల్‌లో ఒకే ప్రశ్న అడగండి. మూడు అడిగితే తేలికైన దానికి పదిమంది జవాబిస్తారు, మీకు నిజంగా కావాల్సింది అలాగే ఉండిపోతుంది.

కొత్త విషయం మొదలుపెట్టేటప్పుడు పాత మెయిల్‌కి రిప్లై నొక్కి సబ్జెక్ట్ మార్చడం చాలామందికి అలవాటు, అడ్రసు టైప్ చేసే పని ఉండదని. అలా చేయకండి. ఇందాక చెప్పిన మెసేజ్ ఐడీ గుర్తుందా? మీ రిప్లై లోపల పాత మెయిల్ గుర్తు కూడా కనిపించకుండా వెళ్తుంది. ఆ గుర్తుల్ని బట్టే ఆర్కైవ్‌లూ, థండర్‌బర్డ్ లాంటి మెయిల్ ప్రోగ్రాములూ ఒక చర్చలోని మెయిల్స్‌ని ఒకచోట పేరుస్తాయి. సబ్జెక్ట్ మారితే జీమెయిల్ విడగొట్టి చూపిస్తుంది కాబట్టి మీకు అంతా బాగున్నట్టే ఉంటుంది. మిగతావాళ్లకి మీ కొత్త ప్రశ్న ఎవరిదో పాత చర్చ అడుగున కనిపిస్తుంది. ఆ చర్చ అవసరం లేదని వదిలేసినవాళ్లకి కనబడనే కనబడదు. కొత్త విషయానికి ఎప్పుడూ కంపోజ్ నొక్కండి.

ఫొటోల గురించి ఒక మాట. మీరు 5 ఎంబీ ఫొటో జోడిస్తే, గ్రూపులో 400 మంది ఉంటే 2,000 ఎంబీ కదులుతుంది. చాలా గ్రూపులు జోడింపుల్ని తీసేస్తాయి, కొన్ని మెయిల్‌నే ఆపేస్తాయి. ఫొటో ఎక్కడైనా ఉంచి లింక్ ఇవ్వండి, అందులో ఏముందో మెయిల్‌లో మాటల్లో కూడా రాయండి. లింకులు ఎల్లకాలం బతకవు.

మీ సంతకాన్ని ఒకసారి చూసుకోండి. ఆఫీసు పనికి పెట్టుకున్న సంతకంలో ఫోన్ నంబరు, ఇంటి అడ్రసు ఉంటే ప్రతి మెయిల్‌తోనూ అవి ఆర్కైవ్‌లోకి చేరతాయి. ఆర్కైవ్ బయటివాళ్లకీ తెరిచి ఉంటే సెర్చ్‌లో కూడా దొరకొచ్చు. గ్రూపుకి రాసేటప్పుడు పేరొక్కటి చాలు. అలాగే మీకు విడిగా వచ్చిన మెయిల్‌ని, రాసినవాళ్లని అడక్కుండా గ్రూపుకి ఫార్వర్డ్ చేయకండి, అందులో ఎంత ఉపయోగపడే సంగతి ఉన్నా సరే. ఊరికి వెళ్లేటప్పుడు పెట్టుకునే ఆటో రిప్లైలని జీమెయిల్ గ్రూపు మెయిల్స్‌కి పంపకుండా చూస్తుంది కానీ, ఆఫీసు మెయిల్స్ అన్నీ అంత జాగ్రత్తగా ఉండవు. ఆ ఐడీతో గ్రూపులో చేరకపోవడమే మంచిది.

రోజుకి వచ్చే మెయిల్స్ ఎక్కువై చిరాకు పుడితే, డైజెస్ట్ అని ఒక ఏర్పాటు ఉంటుంది, రోజంతా వచ్చినవి కలిపి ఒక్క మెయిల్‌గా వస్తాయి. చదవడానికి హాయి. కానీ దానికి రిప్లై ఇస్తే సబ్జెక్ట్‌లో సంచిక నంబరు పడుతుంది, కింద పాతిక మెయిల్స్ వేలాడతాయి, చర్చ గుర్తులూ పోతాయి. మీకు రాయాలని ఆసక్తి ఉంది కాబట్టి డైజెస్ట్ కన్నా, గ్రూపు మెయిల్స్ అన్నీ ఒక ఫోల్డర్‌లోకి వెళ్లేలా ఫిల్టర్ పెట్టుకోవడం మేలు. సొంత మెయిల్స్ ఒక చోట, గ్రూపువి ఒక చోట ఉంటే, ఎవరికి రాస్తున్నామన్న స్పృహ కూడా ఉంటుంది.

వెబ్‌సైట్‌లో రాయనా అన్నారు. వెతకడానికి వెబ్‌సైట్ వాడండి, మీ ప్రశ్న చేరిందో లేదో చూడటానికి వాడండి. రాయడానికి మీకు మెయిల్ చేతికి అలవాటైతే మెయిలే వాడండి. నెట్ సరిగా లేకపోయినా తీరిగ్గా రాసుకోవచ్చు, చదివినవీ రాసినవీ మీ పెట్టెలోనే ఉంటాయి. యాహూ గ్రూప్స్ 2019 డిసెంబరులో వెబ్‌సైట్ మీది పాత సమాచారాన్ని తొలగించడం మొదలుపెట్టి, 2020 డిసెంబరు 15న పూర్తిగా మూతపడింది. ఏళ్ల తరబడి వెబ్‌లో మాత్రమే చదివినవాళ్లకి, ముందుగా దించుకోకపోతే, ఏమీ మిగల్లేదు. మెయిల్ ద్వారా ఉన్నవాళ్ల దగ్గర వాళ్ల కాపీలు ఉన్నాయి. 1975లో, ఇంటర్నెట్‌కి ముందు వచ్చిన ఆర్పానెట్ అనే నెట్‌వర్క్ మీద మెసేజ్ గ్రూప్ అని ఒక చర్చాబృందం మెయిల్ మీదే మెయిల్ గురించి చర్చించుకుంది. వచ్చిన సైట్లెన్నో పోయాయి, ఈ పద్ధతి ఇంకా నడుస్తోంది. ఎవరి దగ్గర ఏ యాప్ ఉన్నా, లేకపోయినా ఇందులో అందరికీ చోటు ఉండటమే దానికి కారణమని నేననుకుంటాను.

ఆ ఆర్‌ఎఫ్‌సీ పత్రంలోనే, కొత్తగా చేరినవాళ్లు ఒకటి రెండు నెలలు చదివాకే రాయాలని ఉంది. దాంతో నేను ఏకీభవించను. టెలిస్కోప్ పనిచేయక వచ్చిన మనిషిని రెండు నెలలు ఊరికే కూర్చోమనడం అన్యాయం. ఆర్కైవ్‌లో మీ విషయం మీద ఇంతకుముందు ఏమైనా వచ్చిందేమో వెతికి, నాలుగు చర్చలు చదివి రాయండి, చాలు. కోపంలో రాసిన జవాబుని మాత్రం రాత్రంతా ఆపి పొద్దున పంపమని అందులో ఉన్న ఇంకో మాటని తప్పకుండా పాటించండి.

క్షమాపణలు పంపాక వారం పది రోజులు ఆగనక్కర్లేదు. మీ ప్రశ్నకి వచ్చిన జవాబులు ఇప్పటికే ఆర్కైవ్‌లో ఉంటాయి, మీరు భయపడి తెరవలేదేమో. వాటిలో చెప్పింది చేసి చూడండి. కుదిరితే అదే చర్చలో, సబ్జెక్ట్ మార్చకుండా, ఎవరి సలహా పనిచేసిందో, ఏ స్క్రూ ఎటు తిప్పితే చిత్రం సరిపడిందో, ఏది పనిచేయలేదో రాయండి. ప్రశ్న అడిగినవాళ్లలో చాలామంది జవాబు దొరకగానే మాయమవుతారు, ఆ చివరి మెయిల్ రాయరు. ఆర్కైవ్‌లో సగం చర్చలు అందుకే గాలిలో వేలాడుతుంటాయి. మీరు రాయండి. విసుక్కున్న ఆయన సలహాయే పనిచేసి ఉంటే, ఆయన పేరు పెట్టి మరీ కృతజ్ఞతలు చెప్పండి, ఈసారి గ్రూపు అందరికీ.